కటి ఎముకలో చీలిక: మూడు నెలల మంచమా, మూడోనాడే వాకరా?

మల్కాజిగిరి కోడలు
మా అత్తమ్మకి 72. పోయిన శుక్రవారం వాకిలి కడిగి లోపలికొస్తూ గడప దగ్గర జారింది. కటి ఎముకకి ముందువైపు సన్నటి చీలిక, స్టేబుల్ ఫ్రాక్చర్, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నొప్పి మందులు, రక్తం గడ్డకట్టకుండా పొట్టకి ఇంజెక్షన్లు రాసి, "ఓర్చుకోగలిగినంత వాకర్‌తో నడిపించండి" అని మూడో రోజే పంపేశారు. అసలు పంచాయితీ ఇంటికొచ్చాక మొదలైంది. "విరిగిన ఎముక మీద నడిపిస్తారా? మూడు నెలలు కదిలించొద్దు" అని మా పెద్దాడపడుచు ఫోన్ పెట్టేసింది. ఎవరి మాట వినాలి?

పాతబస్తీ పెద్దమనిషి
మీ ఆడబిడ్డ మాటే కరెక్టమ్మా. మా నాయనకు తొడ దగ్గర విరిగితే కాలికి బరువు కట్టి నెలన్నర మంచంల ఉంచిన్రు. లేచి పదేండ్లు తిరిగిండు. ఇప్పటి డాక్టర్లకు బెడ్ ఖాళీ చేయించే తొందర. పుత్తూరు కట్టు కట్టించుండ్రి, గల్లీకో బోర్డు ఉంది.

ఉప్పల్ ఫిజియో
పెద్దాయనా, మీ నాయన గారిది తొడ ఎముక. ఇది వేరే. కటి అంటే రెండు తుంటి ఎముకలు, వెనక త్రికాస్థి (వెన్నెముక అడుగున ఉండే ముక్కోణపు ఎముక) కలిసిన వలయం. చేగోడీ అనుకోండి. పటపటా రెండు మూడు చోట్ల విరిగి ముక్కలు పక్కకి జరిగితే ప్రమాదం. ఈమెకి చీలిక వచ్చినా వలయం చెదరలేదు, అందుకే స్టేబుల్ అన్నారు.

కట్టు సంగతి. చేతికో కాలికో అయితే వెదురు బద్దలు పెట్టి బిగిస్తారు, దాని మీద నా అభిప్రాయం ఇంకోసారి. నడుం కింద వలయానికి ఎక్కడ పెడతారండీ బద్దలు?

ఎముక అతుక్కోడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, పడుకున్నా నడిచినా. పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టడం, నిమ్ము, వీపు పుండ్లు, కండ కరిగిపోవడం అదనం. ముసలివాళ్లని దెబ్బతీసేది చాలాసార్లు ఎముక కాదు, మంచం.

బైక్ తమ్ముడు
అక్కా, నాదీ కటి ఎముకే. ఔటర్ రింగ్ రోడ్డు మీద పడ్డాను. నన్ను ఎనిమిది వారాలు ఎడమకాలు నేలకి మోపొద్దన్నారు. అందరికీ నడవమని చెప్పేస్తే ఎలా?

ఉప్పల్ ఫిజియో
మంచి ప్రశ్న. వేగంగా వచ్చిన బండి మీద నుంచి పడడం, గడప దగ్గర జారడం ఒకటి కాదు. నీకు వెనక కీలు కూడా విడిపోయి ఉంటుంది, ప్లేట్లు వేశారా?

బైక్ తమ్ముడు
రెండు స్క్రూలు, ఒక ప్లేటు. సరే, ఒప్పుకుంటున్నా. కానీ మా కేసులో మొదటి ఎక్స్‌రేలో వెనకది కనబడలేదు, సీటీ స్కాన్‌లో దొరికింది. అత్తమ్మగారికి సీటీ తీశారా?

ఉప్పల్ ఫిజియో
ఇది మాత్రం నిజం. త్రికాస్థి చీలిక ఎక్స్‌రేలో తరచూ తప్పిపోతుంది. నడుం కింద వెనకవైపు కూడా నొప్పి ఉంటే సీటీ గురించి డాక్టర్ని అడగండి. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, మూత్రం ఆగినా, కాలు తిమ్మిరెక్కినా ఆగకుండా ఆసుపత్రికి. ఎముకలు గుల్లబారాయేమో డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష కూడా. చిన్నగా జారితేనే చిట్లిందంటే అనుమానించాల్సింది గడపని కాదు.

మల్కాజిగిరి కోడలు
సీటీ తీశారు, వెనక ఏమీ లేదు. ఈ రోజు లేపాం. మొదట వాకర్, తర్వాత నొప్పి కాలు, ఆఖర్న మంచి కాలు, ఆసుపత్రి చీటీ మీద ఉన్న వరసే. మంచం నుంచి దేవుడి అర వరకు పదకొండు అడుగులు, అత్తమ్మే లెక్కపెట్టింది. వాకర్ రబ్బరు బుడిపె టైల్స్ మీద కీచుమన్నప్పుడల్లా పళ్లు బిగపట్టింది. దీపం ముట్టించి కూర్చోలేక నిలబడే దణ్ణం పెట్టుకుంది.

పాతబస్తీ పెద్దమనిషి
నడిచిందా! మంచిదమ్మా. మేక కాళ్ల పాయా మాత్రం తాపండి.

ఉప్పల్ ఫిజియో
పాయాకి నా అభ్యంతరం లేదు. కింద కూర్చునే లెట్రిన్ మాత్రం వద్దు, కమోడ్ కుర్చీ తెచ్చుకోండి, అద్దెకి దొరుకుతుంది.

మల్కాజిగిరి కోడలు
ఆదివారం ఆడపడుచు వస్తోంది. మేక కాళ్లు తానే తెస్తుందట. వాకర్ దాచెయ్యకుండా చూసుకోవాలి.