బీజీవీలో మేనేజర్ బదులు టీమ్ లీడ్ పేరు ఇవ్వొచ్చా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కొత్త కంపెనీలో చేరి 9 రోజులైంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ (బీజీవీ, అంటే పాత ఉద్యోగం వివరాలు సరిచూడటం) ఇంకా పెండింగే. ఫామ్‌లో పాత రిపోర్టింగ్ మేనేజర్ పేరు, ఫోన్, ఆఫీస్ మెయిల్ ఐడీ తప్పనిసరి అంట, జీమెయిల్ ఇస్తే తీసుకోవట్లేదు.

సమస్య ఏంటంటే నా నోటీస్ 90 రోజులు, 60 చేసి మిగతా 30కి డబ్బు కట్టి వచ్చేశా, అంతా రూల్ ప్రకారమే, రిలీవింగ్ లెటర్ కూడా చేతిలో ఉంది, కానీ ఆయనకి అప్పట్నుంచి కోపం, చివరి రోజు వెళ్తున్నా సార్ అంటే ల్యాప్‌టాప్ మీంచి తల కూడా ఎత్తలేదు.

వాట్సాప్ చేశా, బ్లూ టిక్కులు పడ్డాయి అంతే. పాత హెచ్‌ఆర్‌కి 3 మెయిల్స్ పెట్టా, ఆటో రిప్లై తప్ప ఏం రాలేదు. ఫామ్ 16, ఆఖరి 3 నెలల పేస్లిప్పులు అప్‌లోడ్ చేశా, పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో డేట్ ఆఫ్ ఎగ్జిట్ కూడా రిలీవింగ్ లెటర్‌తో సరిపోయింది. అయినా వెరిఫికేషన్ వాళ్ళు ఇవాళ పొద్దున ఫోన్ చేసి మేనేజర్ ఫీడ్‌బ్యాక్ కావాల్సిందే, శుక్రవారం సాయంత్రం 6 దాకా టైమ్ అన్నారు. ఇక్కడి హెచ్‌ఆర్‌ని అడుగుదామంటే నేనే ఏదో దాస్తున్నా అనుకుంటారేమోనని నోరు రావట్లేదు (ప్రొబేషన్ కదా మరి).

నా పని రెండేళ్లు రోజూ చూసిన టీమ్ లీడ్ అక్క ఇంకా అక్కడే ఉంది, తన ఆఫీస్ మెయిల్ ఇచ్చుకో అంది. మేనేజర్ బదులు ఆవిడ పేరిస్తే వెరిఫికేషన్‌లో ఒప్పుకుంటారా?