దవాఖానలో తెలుగు రాని రోగులతో ఎలా మాట్లాడుతున్నారు?

హన్మకొండ స్టాఫ్ నర్సు:
ఏటూరునాగారం, తాడ్వాయి వైపు నుంచి మా వార్డుకు వచ్చే గొత్తికోయ కుటుంబాల్లో చాలామంది ఆడవాళ్లకు తెలుగు రాదు. వెంట వచ్చిన బడిపిల్లవాడే తల్లి రక్తస్రావం గురించి డాక్టరుకు చెప్పవలసి వస్తోంది. వాడు సిగ్గుపడి సగం మింగేస్తాడు. మిగతా చోట్ల ఈ ఇబ్బందిని ఎలా గట్టెక్కుతున్నారో రాయగలరు.

ఉట్నూరు ఏఎన్ఎం (విశ్రాంత):
మా వైపు గోండి, కొలామి మాట్లాడేవారు ఎక్కువ. ఊరి ఆశా కార్యకర్తకు ఫోను చేసి స్పీకరు పెట్టడం మాకు బాగా పనికొచ్చింది. అయితే ఆమె కూడా ఆ ఊరి మనిషే కాబట్టి, నలుగురికీ తెలియకూడని జబ్బయితే పక్క మండలం ఆశాను పట్టుకునేవాళ్లం. ఇంకొక సంగతి, "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా తలే ఊపుతారు. మాత్రలు చేతికిచ్చి, ఏ పూటవి ఆ పూటకు విడదీసి చూపించమనండి. అలా అడిగినప్పుడే ఒక బాలింత, వేర్వేరు పూటల్లో వేసుకోవలసిన ఐరన్, కాల్షియం మాత్రలను ఒకే గుప్పిట్లో పట్టుకొని చూపించింది.

డల్లాస్‌లో ఓరుగల్లు ఆడపడుచు:
ఇక్కడ 1964 నాటి పౌరహక్కుల చట్టం, 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 1557వ సెక్షన్ ప్రకారం, ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి అవసరమైన రోగికి అర్హత గల దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అత్యవసరమైతే తప్ప మైనరు పిల్లల చేత చెప్పించకూడదు. మా అత్తగారికి ఫోనులో తెలుగు దుబాసీ దొరికారు. "ఆమెకు నొప్పిగా ఉందట" అనకుండా, "నాకు నొప్పిగా ఉంది" అని రోగి మాటనే ఆవిడ ఇంగ్లీషులో చెప్పారు. మూత్రం ఆపుకోలేకపోతున్న విషయాన్ని మా అత్తగారు, కొడుకు గది బయటికి వెళ్లాకే బయటపెట్టారు.

ములుగు ఫార్మసిస్టు:
చట్టం మాటకొస్తే మన దగ్గరా ఆధారం లేకపోలేదు. మందుల ప్రయోగాల్లో అంగీకార పత్రం ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. మామూలు చికిత్సకైనా తగిన వివరం తెలిపాకే అంగీకారం తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేను చూసినంతలో మాత్రం, కోయ రోగి చేత వేలిముద్ర వేయించేది తెలుగు కాగితం మీదే.

హన్మకొండ స్టాఫ్ నర్సు:
అక్కా, స్పీకరు ఉపాయం రేపే మొదలుపెడతాను. మా దగ్గర లంబాడీ వచ్చిన ఆయమ్మ ఒకరున్నారు. అన్ని వార్డుల వాళ్లూ మాట సాయానికి ఆమెనే పిలుస్తారు గానీ, అంతసేపు ఆగిపోయిన ఆమె పనిని ఎవరూ అందుకోరు. ఆ సమయాన్ని డ్యూటీగా లెక్కించమని, ఏ షిఫ్టులో ఎవరికి ఏ భాష వచ్చో పట్టిక జతచేసి సూపరింటెండెంటుకు అర్జీ రాస్తున్నాం. ఇలాంటిది ఎక్కడైనా మంజూరై ఉంటే ఉత్తర్వు నమూనా పంపగలరు.