అంతరంగం సరిగా లేదని సేవ ఆపించడం సబబేనా?

గుత్తి_కోట:
అందరికీ వందనాలు. మాది అనంతపురం జిల్లా. మా క్రైస్తవ సంఘంలో ఒక అన్న నాలుగేళ్లుగా ప్రతి శనివారం పెద్దాసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు చిత్రాన్నం పొట్లాలు పంచుతున్నాడు. పోయిన నెల ఒక పిల్లవాడు గిన్నె ఒలకబోశాడని అందరి ముందు చెంప మీద కొట్టాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇది మొదటిసారి కాదు. మా పాస్టర్ అయ్యగారు "ఆరు నెలలు సేవ ఆపు, ముందు అంతరంగం సరిచేసుకో" అన్నారు. సంఘం రెండుగా చీలింది. నేను అయ్యగారి వైపు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. విధవరాండ్రకు భోజనం పెట్టే పనికి కూడా ఆత్మతో, జ్ఞానంతో నిండి, మంచి పేరున్న ఏడుగురినే ఎంచుకోమన్నారు. గరిటె పట్టడానికి అంత అర్హత ఎందుకు? వడ్డించేవాడి మనసు కూడా అన్నంతో పాటు విస్తట్లో పడుతుంది కాబట్టి.

పెన్నా_నీళ్లు:
మరి ఇప్పుడు శనివారాలు పొట్లాలు ఎవరు ఇస్తున్నారు?

తుంగభద్ర_గట్టు:
మాది కర్నూలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మేం మిద్దె మీద ఉన్నాం. కింద నీళ్లు, పైన వాన. మా అవ్వకు షుగరు. లారీ ట్యూబు మీద ఒకతను వచ్చి పాల ప్యాకెట్లు, బ్రెడ్డు ఇచ్చిపోయాడు. మా వీధిలో అందరికీ తెలిసిన తాగుబోతు. ఆ రోజు కూడా వాసన వస్తోంది. మా అవ్వ ఆ పాలు తాగే బతికింది. ముందు నీ అంతరంగం చూపించు అని ఆయన్ని అడగమంటారా? ఆకలైనవాడికి అన్నం కావాలి, వడ్డించేవాడి సాక్ష్యం కాదు.

గుత్తి_కోట:
అన్నా, ఆయనకు దేవుడు మేలు చేయాలి. కానీ ఆయన యేసు పేరు చెప్పి రాలేదు కదా. మా అన్న పొట్లం ఇచ్చే ముందు ప్రార్థన చేస్తాడు, కరపత్రం పెడతాడు. ఆస్తి అంతా బీదలకు పంచినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని 1 కొరింథీ 13 చెబుతోంది.

తుంగభద్ర_గట్టు:
ప్రయోజనం లేనిది ఇచ్చినవాడికి. తిన్నవాడికి ఉంది. ఆ వచనం మళ్లీ చదవండి.

బేతనియ_77:
తనను పట్టించిన ఇస్కరియోతు యూదాను కూడా పన్నెండుమందితో కలిపే పంపాడు ప్రభువు. మత్తయి 10. రోగులు బాగయ్యారు.

గుత్తి_కోట:
అప్పటికి యూదా దొంగ అని ఎక్కడుంది?

బేతనియ_77:
యోహాను 12:6. సంచి అతని దగ్గరే ఉండేది, అందులోది తీసుకునేవాడు.

గుత్తి_కోట:
అది బేతనియ విందు నాటి మాట బ్రదర్. మత్తయి 10 చాలా ముందు జరిగింది.

బేతనియ_77:
ముందు మంచివాడని కూడా రాయలేదు.

పెన్నా_నీళ్లు:
యూదా సంగతి తర్వాత. పొట్లాలు?

నంద్యాల_అక్క:
ఈ గొడవ కొత్తది కాదు. క్రీ.శ. 303లో రోమా ప్రభుత్వం క్రైస్తవుల మీద మొదలుపెట్టిన హింసలో లేఖనాలను అధికారులకు అప్పగించిన బిషప్పులు ఉన్నారు. అలాంటివాళ్ల చేతి సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభు భోజనం లాంటివి) చెల్లవని ఉత్తర ఆఫ్రికాలో దొనాతు వర్గం వేరుపడింది. ఇచ్చేది క్రీస్తు, మనిషి చేయి కాదు అని తర్వాత బిషప్పు అగస్టీను వాదించాడు. మా వైపు పాత ఎస్‌పీజీ (ఇంగ్లండు మిషనరీ సంస్థ) సంఘాలకు మూలమైన ఇంగ్లండు సంఘంలో 39 సూత్రాలు ఉన్నాయి. అందులో 26వది అదే చెబుతుంది: సేవకుడు చెడ్డవాడైనా సంస్కారం చెడదు. అయితే రెండో భాగం ఎవరూ చదవరు. అలాంటివాడి మీద విచారణ జరగాలి, తప్పు తేలితే న్యాయమైన తీర్పుతో తొలగించాలి అని ఉంది. తమ్ముడూ, మీ దగ్గర విచారణ జరిగిందా?

గుత్తి_కోట:
అక్కా, మాది స్వతంత్ర సంఘం. సూత్రాలు, కౌన్సిళ్లు మాకు లేవు. వాక్యం చాలు.

అనంత_బిడ్డ:
స్పెయిన్ మిషనరీ ఫాదర్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. 1970లో జెస్యూట్ అనే క్యాథలిక్ గురువుల సభ వదిలి పెళ్లి చేసుకున్నారు. 2009లో చనిపోయేదాకా ఇక్కడే పని చేశారు. పదవి వదిలాడని మా ఊరి చెరువు, ఇళ్లు చెల్లకుండా పోయాయా?

గుత్తి_కోట:
నేను అంటున్నదీ అదే. పదవి పోయినా నలభై ఏళ్లు నిలిచాడంటే లోపల ఏదో ఉంది కాబట్టే.

తుంగభద్ర_గట్టు:
అందరినీ మీ వైపే లాగేసుకుంటున్నారు. కడుపు నిండినవాళ్లే ఇలా మాట్లాడతారు. ఒక్క చెంపదెబ్బకు వందమంది పస్తులుండాలా?

గుత్తి_కోట:
ఆ ఒక్క చెంపదెబ్బ తిన్నది నా కొడుకు. వాడికి పదకొండేళ్లు. శనివారం వస్తే పొద్దున్నే లేచి నిమ్మకాయలు పిండడానికి పరిగెత్తేవాడు. ఆ రాత్రి నన్ను అడిగాడు: "నాన్నా, కొట్టిన వెంటనే ఆ అన్న కళ్లు మూసుకుని ప్రార్థన ఎలా చేశాడు?" నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు వాడు ఆదివారం గుడికి రానంటున్నాడు. కడుపు నిండిన మాట అని మీరన్నారు, సరే.

తుంగభద్ర_గట్టు:
తమ్ముడూ, ఆ మాట తప్పే. క్షమించు. బాబు విషయం ముందే చెప్పి ఉంటే అలా అనేవాణ్ణి కాదు.
నా కోపం ఎక్కడిదో కూడా చెబుతాను. మా అమ్మ పదిహేడేళ్లు సండే స్కూల్ నడిపింది. నాయన పోయాక కూడా మానలేదు. ఒకసారి సంఘ కూడికలో కానుకల లెక్క అడిగింది. గొంతు కొంచెం పెద్దదే. మరుసటి వారం పెద్దలు ఇంటికొచ్చి "సిస్టర్, మీలో సాత్వికం లేదు. అంతరంగం సరిచేసుకున్నాక రండి" అన్నారు. మీ అయ్యగారు అన్న మాటే. లెక్క మాత్రం చూపలేదు. ఆమె పిల్లలకు పాటలు రాసుకున్న నోటుబుక్కు ఇంకా మా ఇంట్లోనే ఉంది. మళ్లీ పిల్లల ముందు నిలబడకుండానే పోయింది. అంతరంగం ముఖ్యం కాదని నేను ఎప్పుడూ అనుకోలేదు. అమ్మ దగ్గర నేర్చుకున్నదే అది. దాన్ని కొలిచే అధికారం ఎవరికిచ్చారన్నదే నా బాధ.

నంద్యాల_అక్క:
అందుకే విచారణ అన్నాను. యెహోవా హృదయాన్ని చూస్తాడని సమూయేలుకు చెప్పిన చోటే మనుషులు పైరూపమే చూస్తారని కూడా ఉంది. మనకు కనిపించేది ఫలమే. కొట్టాడు కాబట్టి ఆపాం అనండి, అది అందరూ చూశారు. ఆమె లెక్క అడిగింది, అదీ అందరూ చూశారు. రెండింటికీ ఒకే పేరు పెడితే ఎలా?

గుత్తి_కోట:
అక్కా, దెబ్బ అని మాత్రమే అంటే రేపు వచ్చి సారీ చెప్పి మళ్లీ గరిటె పడతాడు. రెండుసార్లు అలాగే జరిగింది. అందుకే లోపలి మాట ఎత్తాల్సి వచ్చింది. అన్నా, అమ్మగారి సంగతి చదివాక మాత్రం ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు. అయ్యగారు ఆయనతో ఒంటరిగానే మాట్లాడారు. నన్ను గానీ, మావాణ్ణి గానీ ఎవరూ ఏమీ అడగలేదు.

పెన్నా_నీళ్లు:
మూడోసారి అడుగుతున్నా. మా అక్కను అదే ఆసుపత్రిలో చేర్చాం, అందుకే. ఎవరు ఇస్తున్నారు?

గుత్తి_కోట:
ఎవరూ ఇవ్వడం లేదు. ఐదు శనివారాలైంది. వంట గిన్నెలు మా ఇంట్లోనే ఉన్నాయి.

పెన్నా_నీళ్లు:
ఎన్ని గంటలకు ఇచ్చేవాళ్లు?

గుత్తి_కోట:
పన్నెండున్నరకు.