సత్తుపల్లిలో కంప్యూటర్ రిపేర్ షాపు: ముందు ఏ సామాను కొనాలి?

సత్తుపల్లి_కుర్రాడు:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్లో కొన్నేళ్లు పనిచేసి మా ఊరొచ్చేశాను. బస్టాండ్ రోడ్డులో మడిగ అద్దెకు తీసుకున్నాను. సామానుకు లక్షన్నర దాకా పెట్టగలను. అసెంబ్లింగ్, విండోస్ వేయడం, లాప్‌టాప్ స్క్రీన్లు, కీబోర్డులు మార్చడం బాగా వచ్చు. చిప్ లెవెల్ (బోర్డు మీది చిన్న భాగాల రిపేరు) కొంత నేర్చుకున్నాను. బీజీఏ మెషిన్ (బోర్డుకు అతికిన పెద్ద చిప్పులను వేడిచేసి తీసి మార్చేది) లేకపోతే షాపుకు పేరు రాదని ఒకాయన గట్టిగా చెప్తున్నాడు. అది కొంటే ఉన్న డబ్బులో చాలా భాగం దానికే పోతుంది. వచ్చే వారం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీకి వెళ్తున్నాను. ఏవి ముందు కొనాలి, ఏవి ఆగొచ్చు?

తెనాలి_బెంచ్:
తమ్ముడూ, బీజీఏ మెషిన్ మాట ఇప్పుడు వద్దు. చిప్ మార్చాల్సిన బోర్డు వస్తే విజయవాడలో చేసేవాళ్లకు పంపి నీ చార్జీ నువ్వు తీసుకో. మన ఊళ్లలో షాపు నిలబడేది ఫాల్టు సరిగ్గా పట్టుకోవడం మీద. డబ్బు ముందు టెస్టింగ్ సామాను మీద పెట్టు.

నా బెంచ్ మీద ఒక్క వస్తువే ఉంచుకోమంటే డీసీ పవర్ సప్లై ఉంచుకుంటాను. 30 వోల్టులు, 5 ఆంపియర్లది చాలు. డెడ్ లాప్‌టాప్ వచ్చిందనుకో, అడాప్టర్ బదులు దీన్నుంచి 19 వోల్టులిచ్చి ఆంపియర్ల అంకె చూడు. బటన్ నొక్కినా సున్నా మీదే ఉంటే కరెంటు లోపలికే పోవట్లేదు, డీసీ జాక్, ఆ తర్వాత కరెంటును స్విచ్‌లా వదిలే మాస్‌ఫెట్లు చూసుకో. బటన్ నొక్కకముందే అంకె ఎగిరి వోల్టేజీ కూలిపోతే మెయిన్ లైన్లో షార్టు. బ్యాటరీ తీసేసి, షార్టున్న లైన్‌కు 1 వోల్టు మాత్రం పెట్టి, కరెంటు మెల్లగా పెంచుతూ బోర్డు మీద ఐపీఏ (త్వరగా ఆరే ఆల్కహాల్) బ్రష్‌తో పల్చగా రాయి. బోర్డంతా తడిగా మెరుస్తుంటే, బియ్యపు గింజకన్నా చిన్న కెపాసిటర్ ఒక్కటి వేడెక్కి గబుక్కున ఆరి పొడిబారుతుంది. దొంగ అదే. పూర్తిగా ఆరాకే హాట్ ఎయిర్ (వేడి గాలితో సోల్డర్ కరిగించేది) ఆన్ చెయ్యి, ఐపీఏ అంటుకుంటుంది. ప్రాసెసర్ కోర్ లైన్ మీద మాత్రం ఈ పని చెయ్యకు. అక్కడ రెసిస్టెన్స్ మామూలుగానే చాలా తక్కువుంటుంది, మల్టీమీటర్ షార్టులాగే చూపిస్తుంది.

తర్వాత వేడి సర్దుకునే సోల్డరింగ్ స్టేషన్, హాట్ ఎయిర్, సోల్డర్ బాగా అంటుకోవడానికి మంచి ఫ్లక్స్, పాత సోల్డర్ పీల్చే విక్. సోల్డర్ 63/37 (తగరం 63, సీసం 37 పాళ్లు) తీసుకో, 183 డిగ్రీలకే కరుగుతుంది. పనిముట్లు, కాంపోనెంట్లు కోఠి గుజరాతీ గల్లీలో చూడు. సీటీసీలో ర్యామ్‌లు, ఎస్‌ఎస్‌డీలు, పాత సామాను బేరం చెయ్యి.

బయాస్‌కు (మెషిన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్, బోర్డు మీది చిప్‌లో ఉంటుంది) అది చదివి రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్, దానితో 1.8 వోల్ట్ అడాప్టర్ కూడా తీసుకో. చౌకగా దొరికే నల్ల బోర్డుల్లో చాలావాటికి డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి, చిప్ పాడవ్వొచ్చు. మీటర్ పెట్టి చూడకుండా కస్టమర్ బోర్డుకు తగిలించొద్దు. రాసే ముందు పాత బయాస్ రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనని చూసుకుని దాచు.

ఇక పక్కాగా పనిచేసే సెకండ్ హ్యాండ్ సామాను: డీడీఆర్3, డీడీఆర్4 ర్యామ్‌లు డెస్క్‌టాప్‌వీ లాప్‌టాప్‌వీ, ఒక ఎస్‌ఎంపీఎస్ (డెస్క్‌టాప్ లోపలి పవర్ సప్లై), చిన్న గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎస్‌ఎస్‌డీ. "టెస్టింగ్" అని స్టిక్కర్ అంటించు, ఎంత అడిగినా అమ్మకు. మదర్‌బోర్డు మీద పెట్టే సీఆర్2032 సెల్లులు ఒక స్ట్రిప్ ఎప్పుడూ ఉండాలి.

విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటెల్ 8వ తరానికి ముందు ప్రాసెసర్లు దాదాపు ఏవీ విండోస్ 11 జాబితాలో లేవు. పాత మెషిన్‌కు ఎస్‌ఎస్‌డీ అమ్మేముందే ఆ సంగతి కస్టమర్‌కు చెప్పెయ్.

జాబ్‌కార్డ్_అక్క:
పైన అన్న చెప్పింది సరైన మాటే. నేను ప్రింటర్ల సంగతి చెప్తాను బాబూ, ఎందుకంటే మా షాపు అద్దె వాటి మీదే వెళ్తుంది. మీసేవ సెంటర్లు, జిరాక్స్ షాపుల్లో కెనాన్ ఎల్‌బీపీ2900 ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. 12ఏ టోనర్, డ్రమ్ములు, బ్లేడ్లు, పికప్ రోలర్లు, ఫిక్సింగ్ ఫిల్మ్ తెచ్చి పెట్టుకో. పేపర్ లాగట్లేదని వస్తే రోలర్ మార్చి అరగంటలో పంపొచ్చు. టోనర్ నింపే బల్ల మాత్రం వేరే ఉండాలి. మాస్క్ పెట్టుకో. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో లాగొద్దు, సన్నపొడి ఫిల్టర్ దాటి మళ్లీ గాల్లోకే వస్తుంది.

డేటాకు హార్డ్ డిస్కును బయటి నుంచి తగిలించే సాటా డాక్ ఒకటి, పెద్ద ఖాళీ హార్డ్ డిస్కు ఒకటి. టకటకమనే డిస్కును మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యొద్దు. ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్లకు పంపాలని చెప్పు. అందులో వాళ్ల పెళ్లి ఫొటోలు ఉండొచ్చు, పిల్లల సర్టిఫికెట్లు ఉండొచ్చు. అవి పోతే ఎవరూ తెచ్చివ్వలేరు. ఇంకోటి, జాబ్ కార్డు పుస్తకం అచ్చు వేయించు. సీరియల్ నంబరు, ర్యామ్ ఎంత, డిస్కు ఎంత, బాడీ మీద గీతలు అన్నీ కస్టమర్ ముందే రాసి సంతకం తీసుకో.

సత్తుపల్లి_కుర్రాడు:
అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. బీజీఏ ఆలోచన మానేశాను. ఇంకొక్కటి. మడిగలో ఎర్తింగ్ లేదు, ఓనర్ అక్కర్లేదంటున్నాడు. స్టాటిక్ కరెంటు బోర్డులను పాడుచేయకుండా ఈఎస్‌డీ మ్యాట్, చేతికి కట్టే రిస్ట్ స్ట్రాప్ కొంటే సరిపోతుందా?

తెనాలి_బెంచ్:
సరిపోదు. మ్యాట్‌లోని స్టాటిక్ పోవాల్సింది ఎర్త్‌లోకే కదా. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి లీకేజీ క్యాబినెట్ మీదికొస్తుంది, ముట్టుకుంటే జిల్లుమంటుంది. ఆ క్యాబినెట్‌కు కస్టమర్ లాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపితే పోర్టులు పోయే ప్రమాదముంది. ఓనర్‌ను ఒప్పించి, అద్దెలో సర్దుకున్నా సరే, ఎలక్ట్రీషియన్‌తో విడిగా ఎర్త్ వేయించు. అయ్యాక అతన్ని పక్కనే ఉంచుకుని సాకెట్లో మీటర్ పెట్టించు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. రిస్ట్ స్ట్రాప్ లోపల 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉన్నదే కొను, వట్టి తీగ కట్టుకోకు. రీడింగులు వచ్చాక ఇక్కడ పెట్టు, చూద్దాం.