పేనుకొరుకుడు పరిశోధనకి మా బ్యాచ్ చందా ఇవ్వాలా, వద్దా?

మొలగొలుకులు (కావలి దగ్గర):
మా పదో తరగతి బ్యాచ్ వాళ్లం ఏటా సంక్రాంతికి కలుస్తాం. తలా ఇంత వేసుకుని ఏదో ఒక పనికి ఇస్తాం. స్కూలుకి బెంచీలు, బాత్‌రూముల మరమ్మతు, ఒకసారి మాతో చదివినవాడి డయాలసిస్. ఈసారి 2,40,000 పోగైంది. మావాడొకడు లేచి, ఈ డబ్బు జుట్టు జబ్బుల మీద పరిశోధనకి ఇద్దామన్నాడు. వాళ్ల పాపకి పేనుకొరుకుడు. తొమ్మిదో తరగతి చదువుతోంది. రూపాయి బిళ్లంత మచ్చతో మొదలై ఎనిమిది నెలల్లో తల మీద జుట్టు మొత్తం పోయింది, కనుబొమలతో సహా. అందరికీ అర్థం కావాలని పాప ఫొటో కూడా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సగం మంది సరే అన్నారు. మిగతా సగం, 'జుట్టుకి పరిశోధనేంది సామీ, అవతల ప్రాణాలు పోతుంటే' అన్నారు. వాడు కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. నేను ఎటూ తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నా.

పొదిలి రోడ్డు:
నేను ఆ రెండో సగం లెక్క. ఆ తండ్రి మీద గౌరవంతోనే చెప్తున్నా. మా కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఒకసారి వచ్చి చూడండి. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. మా పెదనాన్నని వెనక నుంచి పిలిస్తే మెడ తిరిగేది కాదు, మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. అదంతా ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యమే. ఇక్కడ కూర్చుని ఆలోచిస్తే జుట్టు సంగతి ఎక్కడో చివర్న వస్తుంది. మీ డబ్బుతో ఏదో ఒక ఊళ్లో మూలనపడ్డ ఫిల్టర్ ప్లాంటు బాగు చేయించొచ్చు, కళ్లకి కనిపిస్తుంది. పరిశోధనకి ఇస్తే ఎవరికి ఇచ్చాం, ఏం చేశారు, ఎవరు లెక్క చెప్తారు?

టంగుటూరు బ్యారన్:
పొదిలి అన్నకి నా ఓటు. నాకు ముప్పై రెండుకే బట్టతల వచ్చింది, ఎవరూ చందా వేయలేదు మరి :)

మైపాడు గాలి:
స్కిన్‌లో పీజీ చేస్తున్నా. కాస్త పొడుగ్గా రాస్తున్నా, విసుక్కోకండి.

బ్యారన్ గారూ, మీది వేరు, ఆ పాపది వేరు. మీది మగ హార్మోన్ ప్రభావంతో ఏళ్ల తరబడి కుదుళ్లు సన్నబడిపోవడం. దానికి చందాలు అక్కర్లేదు, మీలాంటి కస్టమర్లు కోట్లలో ఉన్నారు కాబట్టి కంపెనీలే డబ్బు కుమ్మరిస్తాయి. పెద్ద జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకి దువ్వెన నిండా ఊడేది ఇంకో రకం, అది చాలావరకు దానంతటదే తిరిగొస్తుంది. పేనుకొరుకుడులో మాత్రం పేనూ లేదు, బొద్దింకా లేదు. రోగాలతో పోరాడాల్సిన తెల్లరక్తకణాలే వెంట్రుక కుదురు మీద పడతాయి. మచ్చ అంచున లెన్సు పెట్టి చూస్తే పొట్టి పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి. పైన లావుగా, చర్మం దగ్గర సూదిమొనలాగా. అచ్చం ఆశ్చర్యార్థకం గుర్తు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చేవాళ్లు నూటికి దాదాపు ఇద్దరు. చాలామందికి ఒకటి రెండు మచ్చలతో ఆగి ఏడాది లోపల జుట్టు వచ్చేస్తుంది. మొత్తం పోయేది కొద్దిమందికే.

ఇక చందాల సంగతి. అమెరికాలో 1981లో ఈ ఒక్క జబ్బు కోసమే నేషనల్ అలోపీషియా ఏరియేటా ఫౌండేషన్ పెట్టారు. రోగుల రక్త నమూనాలు, వివరాలు ఒకచోట చేర్చే రిజిస్ట్రీకి ప్రభుత్వ డబ్బుతో పాటు ఆ సంస్థ అండగా నిలిచింది. ఆ నమూనాలతోనే కొలంబియా యూనివర్సిటీలో ఏంజెలా క్రిస్టియానో బృందం 1,054 మంది రోగుల జన్యువుల్ని, జబ్బు లేని 3,278 మందితో పోల్చి 2010లో ఫలితం ప్రకటించింది. ఆవిడకీ ఇదే జబ్బు. చర్మం జబ్బే కదా, సోరియాసిస్‌కి చుట్టమేమో అనుకుంటే కాదని తేలింది. రుమటాయిడ్ కీళ్లవాతం, టైప్ 1 షుగర్‌లతో బంధుత్వం బయటపడింది. అలాగైతే కీళ్లవాతం తరహా మందులు దీనికీ పనిచేస్తాయేమో చూద్దామనుకున్నారు. 2014లో ఎలుకల్లో, ముగ్గురు రోగుల్లో జుట్టు వచ్చినట్టు చూపించారు. 2022 జూన్‌లో అమెరికాలో కీళ్లవాతం మాత్ర బారిసిటినిబ్‌ని ఈ జబ్బుకి వాడటానికి అనుమతి వచ్చింది. కోవిడ్ రెండో వేవ్‌లో మనం పేరు విన్న మాత్రే అది. మరుసటి ఏడాది పన్నెండేళ్లు దాటిన పిల్లలకి కూడా ఇచ్చే రిట్లెసిటినిబ్ వచ్చింది. మొదట్లో నమూనాలు పోగేసి పెట్టకపోతే ఈ వరసలో ఏదీ జరిగేది కాదు.

పొదిలి రోడ్డు:
బాగుంది. అంటే మందు వచ్చేసింది. ఇంకా చందా ఎందుకు డాక్టర్ గారూ? మనం విత్తనాలు చల్లితే పంట కంపెనీ కోసుకుంటుంది.

మైపాడు గాలి:
మందు వచ్చింది గానీ జబ్బు పోలేదండీ. బారిసిటినిబ్ ట్రయల్స్‌లో పెద్ద డోసు వాడినా 36 వారాలకి తల నూటికి ఎనభై వంతులు నిండింది దాదాపు మూడో వంతు మందికే. ఆపేస్తే చాలామందికి మళ్లీ ఊడుతుంది. ఇమ్యూనిటీని తగ్గించే మందులు కాబట్టి మన దగ్గర ముందు టీబీ లేదని చూసుకోవాలి. ఒక పిల్లకి ఒక్క మచ్చతో ఎందుకు ఆగుతుంది, ఇంకో పిల్లకి తల మొత్తం ఎందుకు పాకుతుంది అన్నది ముందే చెప్పలేకపోతున్నాం. దాంట్లో కంపెనీకి లాభం లేదు. 2010 నాటి ఆ జన్యువులన్నీ యూరప్ మూలాలున్న వాళ్లవి, మనవాళ్లవి కావు.

కంపెనీ గురించి మీరన్న మాట మాత్రం కొట్టిపారేయలేను. ఊపిరితిత్తుల జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్ విషయంలో అదే జరిగింది. చారిటీ డబ్బు పెట్టింది, మందు వచ్చింది, 2014లో ఆ చారిటీ తన రాయల్టీ హక్కుని 330 కోట్ల డాలర్లకి అమ్ముకుంది. మందు ధర మాత్రం ఆకాశంలో ఉండిపోయింది.

పెన్నా ఒడ్డు:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా. నాకు పదహారేళ్లుగా ఇదే.

మొదట మచ్చ కనిపించగానే మా అమ్మమ్మ గురివింద గింజ అరగదీసి రుద్దింది. అది విషపు గింజ అని తర్వాత తెలిసింది. నెత్తి పుండై చీము పట్టింది. తర్వాత ఉల్లిపాయ రసం. తర్వాత నెల్లూరులో ఒక హెయిర్ క్లినిక్ వాళ్లు 60,000 ప్యాకేజీ అన్నారు, ఆరు సిటింగులు, నాలుగోదానికి కనురెప్పల వెంట్రుకలు కూడా పోయాయి. కనుబొమలు లేకపోతే మే నెలలో ఏమవుతుందో మీకెవరికీ తెలీదు. చెమట ఆగేది అక్కడే. నేరుగా కళ్లలోకి కారి మండుతుంది. స్కూటీ మీద వెళ్తే దుమ్ము కూడా అంతే.

బస్సులో ఎవరో ఒకరు అడుగుతారు: 'కొండకి పోయొచ్చారామ్మా? దర్శనం బాగా అయిందా?' మొదట్లో చెప్పేదాన్ని, ఇది జబ్బండీ అని. వెంటనే కాస్త పక్కకి జరిగేవాళ్లు. ఇప్పుడు 'బాగా అయిందండీ' అంటున్నా. ఏడాదిలో ఎన్నిసార్లు తిరుపతి వెళ్లానో లెక్కేలేదు.

ప్రాణం పోదు, నిజమే. పొదిలి అన్నగారిని తప్పు పట్టను, ఆయన పెదనాన్న గారి మెడ నాకు కళ్లకి కట్టింది.

కొత్తపట్నం బీచ్:
పొదిలి బ్రదర్, ఒక్క మాట. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బుని, అంటే ఫ్లోరోసిస్‌ని, మొదట గుర్తించి రాసింది 1937లో, అదీ మీ పొదిలి, దర్శి, కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలోనే. అప్పుడవి నెల్లూరు జిల్లా, ప్రకాశం ఇంకా పుట్టలేదు. (మా నాన్న పుట్టింది నెల్లూరు జిల్లాలో, నేను పుట్టింది ప్రకాశంలో, ఇల్లు మాత్రం అదే.) కారణం తెలిసి ఎనభై ఏళ్లు దాటింది. కావాల్సింది పరిశోధన కాదు, పైపులు, మంచి నీళ్లు. అవి తేవాల్సింది ప్రభుత్వం, మనం ఓటు వేసేది అందుకే. బ్యాచ్ చందాతో ప్లాంటు పెడితే వచ్చే ఏడాదికి నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చేవాడు ఉండడు. మా పక్క ఊళ్లో ఒకటి పెట్టారు, ఇప్పుడు దాంట్లో ఎరువుల బస్తాలు ఉన్నాయి.

పొదిలి రోడ్డు:
ఎనభై ఏళ్లయినా పైపు రాలేదనే కదా నా బాధ. అయినా మీ మాటలో న్యాయం ఉంది. సరే, పరిశోధనకే ఇచ్చారనుకోండి, 2,40,000 అమెరికాకి పంపితే సముద్రంలో చెంబుడు నీళ్లు. ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా రాదు.

మైపాడు గాలి:
అమెరికాకి వద్దంటున్నా నేను. ప్రతి స్కిన్ పీజీ మూడేళ్లలో ఒక థీసిస్ రాయాలి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నా కిట్లకి, రక్తపరీక్షలకి డబ్బు చాలాసార్లు మా జేబులోంచే. అందుకే పాత కేసు షీట్లు తిరగేసి రాసేస్తుంటాం. మీ డబ్బుతో మన జిల్లాల పిల్లల్ని ఒక వందమందిని రెండేళ్లు క్రమం తప్పకుండా చూడొచ్చు. బస్సు ఛార్జీలు ఇస్తేనే రెండోసారి వస్తారు, అసలు ఖర్చు అదే. డబ్బు వ్యక్తికి కాకుండా కాలేజీ ఖాతాకి, పని జరిగిన కొద్దీ విడతలుగా ఇవ్వండి. ఫలితం బాగా రాకపోయినా ప్రచురించాలని ముందే రాయించుకోండి.

టంగుటూరు బ్యారన్:
ఇప్పుడు అర్థమైంది, ఇది మీ థీసిస్ కోసమా డాక్టర్ గారూ :)

మైపాడు గాలి:
నా థీసిస్ కుష్టు మీద సార్. దానికి మీ బ్యాచ్ ఏమన్నా ఇస్తుందా?

మొలగొలుకులు:
ఇదంతా నిన్న రాత్రి మావాళ్లకి చదివి వినిపించా. ఇంకా తేలలేదు. లక్ష కాలేజీకి, మిగతాది నీళ్లకి అని ఒకడంటాడు. అలా చేస్తే రెండూ సగంలో ఆగుతాయని ఇంకొకడు. నాకైతే ఇప్పుడు కాలేజీ వైపే మొగ్గు ఉంది, రాయించుకుని ఇచ్చేట్టయితేనే.

పాప వాళ్ల నాన్నకి ఫోన్ చేశా. నేను చెప్తుంటే పక్కనే ఉన్న పాప ఫోన్ లాక్కుంది. 'అంకుల్, డబ్బులు ఎవరికన్నా ఇచ్చుకోండి. గ్రూపులో నాన్న పెట్టిన నా ఫొటో ముందు తీసేయించండి' అంది.

తీసేయించా. మిగతాది ఆదివారం మీటింగులో చూడాలి.