సిల్వర్ నైట్రేట్ దేనిలో కలిపినా తెల్లబడుతోంది, ఎందుకు?

సైన్స్ టీచర్, సఖినేటిపల్లి దగ్గర:
పదో తరగతి పిల్లలకు అవక్షేప చర్యలు, అంటే రెండు ద్రావణాలు కలిస్తే నీటిలో కరగని పదార్థం ఏర్పడి అడుగుకు దిగే చర్యలు చూపిస్తున్నాను. ఉప్పు ద్రావణంలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయగానే విరిగిన పాలలా తెల్లగా దిగింది. అవక్షేపం రాని జత కూడా చూపిద్దామని సోడియం నైట్రేట్‌లో అదే వేశాను. అదీ తెల్లబడింది. "నైట్రేట్లన్నీ నీటిలో కరుగుతాయని నిన్ననే రాయించారు కదా మేడమ్" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. చెప్పలేకపోయాను. రసాయనాలు కొత్తవే, సీలు నేనే తీశాను. రేపు మళ్ళీ ఆ తరగతికే వెళ్ళాలి. పొరపాటు ఎక్కడ జరిగిందంటారు?

ల్యాబ్ సహాయకుడు, భీమవరం:
ద్రావణాలు ఏ నీళ్లతో కలిపారు మేడమ్ గారూ?

సైన్స్ టీచర్:
బడి బోరు నీళ్లతోనండి. వడకట్టే వాడాను.

ల్యాబ్ సహాయకుడు:
అయితే రసాయనాల తప్పు కాదు, నీళ్లదే. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లలో క్లోరైడ్ ఉండనే ఉంటుంది. మీరు నైట్రేట్ అనుకుని తీసుకున్నది నైట్రేటుతో పాటు పలుచని ఉప్పునీరు కూడా. ఆ క్లోరైడ్ వెండితో కలిసి నీటిలో దాదాపు కరగని తెల్లటి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్ వరకు తాగునీటి ప్రమాణమే ఒప్పుకుంటుంది, నాలుకకు ఉప్పదనం సరిగా తెలియదు. కానీ సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం, అంటే వెండి, క్లోరైడ్ అయాన్ల గాఢతలను గుణిస్తే అవక్షేపం రాకుండా ఉండగల హద్దు, 1.8×10⁻¹⁰ మాత్రమే. ఆ నీటిలో 0.05 మోలార్ (లీటరుకు సుమారు 8.5 గ్రాముల) సిల్వర్ నైట్రేట్ చేస్తే అయాన్ల గాఢతల లబ్ధం ఆ హద్దుకు దాదాపు 20 లక్షల రెట్లు దాటుతుంది. తెల్లబడకుండా ఎలా ఉంటుంది?

ముందు ఉత్త బోరు నీళ్లలోనే రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేసి చూడండి. తెల్లబడితే ఒక చుక్క సజల నత్రికామ్లం కలపండి. కార్బొనేట్ వల్ల వచ్చిన తెలుపైతే పోతుంది, క్లోరైడ్ వల్లనైతే నిలుస్తుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసాపురం:
నీళ్లు కాచి చల్లార్చి వాడితే సరిపోదా?

ల్యాబ్ సహాయకుడు:
సరిపోదు మాస్టారూ. కాస్తే ఆవిరయ్యేది నీరే, క్లోరైడ్ గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో నీళ్లలోనూ కొంత మిగులుతుంది. బ్యాటరీల దుకాణంలో ఇన్వర్టరుకు పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా అడగండి. బ్యాటరీ ఆమ్లం డబ్బా కూడా అక్కడే ఉంటుంది, పొరపాటున అది తేకుండా పేరు చదివి తీసుకోండి. సిల్వర్ నైట్రేట్ 100 మిల్లీలీటర్లకు 0.85 గ్రాములు చాలు. గోధుమరంగు సీసాలో పోయండి, వెలుతురు తగిలితే పాడవుతుంది. ఇంకొక మాట: పరీక్ష నాళికలను బోరు నీళ్లతో కడిగినా, ఆఖరున డిస్టిల్డ్ వాటర్‌తో తొలచండి. గోడలకు అంటుకున్న తడి కూడా ప్రయోగాన్ని చెడగొడుతుంది. నేను మొదట్లో ఇక్కడే దెబ్బతిన్నాను.

కొబ్బరి రైతు, అంబాజీపేట:
నేను రసాయన శాస్త్రం చదవలేదు గానీ, కొబ్బరి చెట్ల మొవ్వు కుళ్లు తెగులుకు వాడే బోర్డో మిశ్రమం కూడా ఇలాంటిదేనా? ఒక కిలో మైలతుత్తం, ఒక కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. తుత్తం నీళ్లు సున్నపు నీళ్లలో పోస్తుంటే ఆకాశం రంగు ముద్దలా అవుతుంది.

ల్యాబ్ సహాయకుడు:
అచ్చంగా అదేనండీ, మైలతుత్తం అంటే కాపర్ సల్ఫేటే, ఆ నీలి ముద్ద అవక్షేపమే. మేడమ్ గారూ, దీన్ని చిన్న గాజు గ్లాసులో చూపించండి. ఇంట్లో తోట ఉన్న పిల్లలు వెంటనే పట్టుకుంటారు. తర్వాత మెరిసే ఇనుప మేకు ముంచండి. ఎర్రటి రాగి పూత పడితే రాగి అయాన్లు ఇంకా మిగిలినట్టు, సున్నం చాలలేదన్నమాట. తోటలో కత్తి ముంచి చూసేదీ ఇందుకే.

సీసం, బేరియం లవణాలు మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, విషం. వెండి, రాగి వ్యర్థాలను కూడా కాలువలో పారబోయకుండా మూత ఉన్న సీసాలో పోసి ఉంచండి. మన కాలువలు చేపల చెరువుల్లోకే వెళ్తాయి.

సైన్స్ టీచర్, మర్నాడు:
బోరు నీళ్లు, డిస్టిల్డ్ వాటర్ పక్కపక్కనే పెట్టి ఆ అమ్మాయి చేతనే చుక్కలు వేయించాను. బోరు నీళ్లలో తెల్లటి దారం తీగలా దిగింది, నత్రికామ్లం వేసినా పోలేదు. రెండోది తేటగానే ఉంది. కొత్త నీళ్లతో చేసిన సోడియం నైట్రేట్ కూడా తెల్లబడలేదు. ఇప్పుడు పిల్లలందరూ తమ ఇంటి నీళ్లు సీసాల్లో తెస్తామంటున్నారు. ఏటిగట్టు పక్క ఊరి పిల్లలు నలుగురున్నారు, వాళ్ల నీళ్లతోనే మొదలుపెడతాను.