అప్‌డేట్: అమ్మకు ఓట్స్ పడ్డయి, జొన్నరొట్టె పోలేదు

షుగర్, బీపీ, థైరాయిడ్ మూడూ ఉన్న మా అమ్మకు ఓట్స్ పెట్టొచ్చా, జొన్నరొట్టె మాన్పియ్యాల్నా అని మొన్న అడిగిన కదా. జవాబిచ్చినోళ్లందరికీ థ్యాంక్స్.

నల్గొండల డాక్టరమ్మకు చూపించినం. రొట్టె మానుడు అవసరం లేదు, పొద్దుగాల మాత్రం ఓట్స్ తినమన్నది. మసాలా ప్యాకెట్లు వద్దట, వాటిల ఉప్పెక్కువ. సాదా ఓట్స్ 40 గ్రాములు, ఉడకకముందు తూకం.

పాలల్ల ఉడికించి ఇస్తే అమ్మ "ఇది పసిపిల్లల తిండి" అని గిన్నె పక్కకు నూకింది. ఇప్పుడు ఆవాలు, కరివేపాకు పోపేసి, ఉల్లిగడ్డ, సొరకాయ ముక్కలు, నానిన పెసరపప్పు వేసి ఉప్మా లెక్క చేస్తున్న. దించినంక నిమ్మకాయ పిండితే ఉప్పు తక్కువైనట్టే తెల్వది. గంజిలెక్క మెత్తగ చేస్తే షుగర్ తొందరగ ఎక్కుతది, పలుకు మీదనే దించాలె.

థైరాయిడ్ గోలీ సంగతి ఎవరో అడిగిన్రు: పరగడుపున నీళ్లతో వేసుకొని, గంట ఆగినంకనే తింటది. పీచు ఎక్కువున్న తిండి వెంటనే పడితే గోలీ ఒంటికి సరిగ పట్టదు.

తిన్న 2 గంటలకు మీటర్ల చూస్తే ఇడ్లీ రోజులకన్న తక్కువే వస్తున్నది. షుగర్ గోలీలు మాత్రం అట్లనే నడుస్తున్నయి. ఆదివారం జొన్నరొట్టె, పచ్చిపులుసే. అడ్డం చెప్పే ధైర్యం ఇంట్ల ఎవరికీ లేదు.